ముడి లేని నూలు

లక్ష్మీనరసమ్మ మీద నీలవేణికి ఉన్న పెద్ద ఫిర్యాదు ఏమిటంటే, ఫిర్యాదు చెయ్యడానికి ఆవిడ ఎక్కడా సందు ఇవ్వదు. అత్తగారన్నాక కాస్త తిట్టాలి, కాస్త సాధించాలి, నెలకొకసారైనా పక్కింటి అరుగు మీద కూచుని కోడలి గురించి రెండు ముక్కలు చెప్పి రావాలి. విజయనగరంలో బీయే చదివే రోజుల్లో స్నేహితురాళ్ళందరూ కలిసి నీలవేణిని భయపెట్టింది అలాంటి అత్తగారిని చూపించే. తీరా చీపురుపల్లి కాపరానికి వచ్చి చూస్తే ఈవిడ కోడలికంటే ముందు లేచి కాఫీ పెడుతుంది, కోడలు పడుకుంటే దుప్పటి సర్దుతుంది, చుట్టాలెవరైనా వచ్చి "మీ కోడలు పన్లోకి వంగదేటప్పా" అంటే "దాని సదువు బరువు నీకేటి తెలుసు, నువ్వు మొయ్యీ ఓపాలి" అని వాళ్ళ నోరు మూయిస్తుంది. ఇలాంటి మనిషితో దెబ్బలాట ఎలా పెట్టుకోవడం? ఇవాళ కూడా చూడు, రైలుకి ఎంతో ముందే స్టేషనుకి లాక్కొచ్చి, పెట్టె ఆగీ ఆగకముందే ఎక్కేసి, కిటికీ పక్క చోటు పట్టి, కోడల్ని అందులో కూలేసి, తను మాత్రం బల్ల చివర సగం గాలిలో కూచుంది. ఒళ్ళో ఒక మూట, మూట మీద పులిహోర డబ్బా. "తినీయే నీలేణీ, బేగి తిను, సల్లారిపోతాది" అంటోంది. పులిహోర చల్లారడమేమిటత్తయ్యా అని నీలవేణి అడగలేదు. అత్తగారి భాషలో ప్రేమకీ, భయానికీ, ఊరుకోమనడానికీ, క్షమించమనడానికీ అన్నింటికీ ఆ ఒక్క మాటే ఉంది. తిను.

రైలు కదిలింది. కోతలైపోయిన మళ్ళు, వరికుప్పలు, వాటి మీంచి ఇంకా లేవని మంచు, ఆ మంచులోకి ఇంజను వదిలే పొగ, పొగలోంచి వచ్చి కళ్ళల్లో పడే బొగ్గునుసి. కిటికీ పక్క చోటు ఇచ్చిన ప్రేమలో ఆ నుసి కూడా ఒక భాగం. నీలవేణి కళ్ళు మూసుకుని ఒళ్ళో ఉన్న గుడ్డసంచిని రెండు చేతులా పట్టుకుంది. సంచి మెత్తగా ఉంది. అందులో నూలు ఉంది, తను వడికిన నూలు, రోజుకొక చిన్న చుట్ట, చిలప అంటారు, నెల్లాళ్ళవి. విశాఖపట్నంలో డాక్టరు కృపానిధిగారు ఆ చిలపలు ఒక్కొక్కటే తీసి తడిమి చూసి, తనకి ఇంకా మాత్రలు కావాలో అక్కర్లేదో చెప్తారు. తను వడికిన నూలు, అని మళ్ళీ అనుకుంది. ఆ మాట పంటి కింద రాయిలా తగిలింది. తను వడికిందేనా?

సంచి పొద్దున్న అత్తగారే సర్దింది. నేను సర్దుకుంటానంటే "నువ్వు తల దువ్వుకో" అంది. ఊరికే అంది. అన్నీ ఊరికే అంటుంది.

అసలు జబ్బు మొదలైనప్పుడే ఒక కారణం చూపించి ఉంటే అందరికీ ఎంత సులువుగా ఉండేది. భాద్రపదం వానల్లో మొదలైంది. బిడ్డ పోయిందా అంటే పోలేదు, మొగుడు కొట్టాడా అంటే నారాయణమూర్తి దోమని కొట్టడానికి కూడా రెండుసార్లు ఆలోచిస్తాడు, పుట్టింటివాళ్ళు రాకపోకలు మానేశారా అంటే వాళ్ళు వచ్చి వారాల తరబడి ఉండిపోవడమే బాధ. ఒక్క కారణం దొరికితే వీధి వీధంతా కూచుని తనతోపాటు ఏడ్చిపెట్టేది. కారణం లేని దుఃఖానికి ఎవరూ పీట వెయ్యరు. బియ్యం కడగడానికి కూచునేది, నీళ్ళు తెల్లగా వచ్చేవి, తేటబడేవి, తేటనీళ్ళు పారబోసి మళ్ళీ పోసేది, మళ్ళీ పారబోసేది, అత్తగారు వచ్చి మణికట్టు పట్టుకునేదాకా. ఒకరోజు మిట్టమధ్యాహ్నం నూతిగట్టు మీద కూచుంది. ఏం చేస్తున్నావని మొగుడడిగితే, నీళ్ళెంత లోతున్నాయో చూస్తున్నానంది. ఎండాకాలమైతే అది ఇల్లాలికి ఉండాల్సిన జాగ్రత్తే. కాని అది వానాకాలం, నీళ్ళు చేతికి అందుతున్నాయి. నారాయణమూర్తి పక్కన కూచున్నాడు, కూచుని ఆమె కొంగు తన చేతికి చుట్టుకున్నాడు. ఆ తరవాత దిష్టి తీశారు, విభూతి పెట్టారు, చేతికి తాయెత్తు, మెడకి తాయెత్తు, నడుముకి కూడా కడతామంటే ఇంకా ఖాళీ ఏముంది చూసుకోండి అంది. ఆ మాటకి అత్తగారు నవ్వి, నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. తాయెత్తులన్నీ అయ్యాక డాక్టరు.

డాక్టరుగారు సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని ఉన్నారు. ఎలా ఉన్నారని అడగనే లేదు. "అడిగాననుకోండి, బాగానే ఉన్నానండీ అంటారు. మన ఆడవాళ్ళు ఇల్లంటుకున్నా బాగానే ఉందనే అంటారు. ఆ మాటతో నేనేం చేసుకోనమ్మా? జ్వరమైతే నర్సు పూటపూటా చూసి పటం మీద గీత గీస్తుంది, ఎక్కిందో దిగిందో నాకు తెలుస్తుంది. మనసుకి పెట్టే గాజుగొట్టం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. మీది మీరే చేసుకోవాలి. రోజూ ఏదో ఒక గుర్తు పెట్టండి, మీ చేత్తో. ఒక్కటే షరతు, దాన్ని ఎవరికోసమూ శుభ్రం చెయ్యకూడదు. బాగోలేని రోజు బాగోలేనట్టే ఉండాలి. మంచి రోజులకంటే నాకు అవే ఎక్కువ పనికొస్తాయి." ఎంత కాలానికి ఒక మనిషి, నీ చెడ్డరోజులు నాకు పనికొస్తాయన్నాడు. తిరుగు రైల్లో ఆ మాటే చప్పరిస్తూ వచ్చింది.

మొదట రాద్దామనుకుంది. బీయే చదివిన దానికి రాయడం తప్ప వేరే ఏం తోస్తుంది? కాని ఆ ఇంట్లో రాసింది దాగదు, నారాయణమూర్తికి అక్షరం కనిపిస్తే చాలు, పకోడీల పొట్లం కాగితమైనా విప్పి సాపుచేసి పైకి చదువుతాడు, చదివి అందులో సగం వార్తకి బాధపడతాడు. తను రాసిన మొదటి పేజీని కూడా భోజనాల దగ్గర అలాగే చదివాడు. రెండోరోజు నీలవేణి "ఇది మా ఆయన చదువుతారు" అని ఒక్క వాక్యం రాసి పెట్టింది. అదీ చదివాడు, గట్టిగానే. అక్కడితో రాత ఆగిపోయింది. ఆ మధ్యాహ్నమే అటక మీది చింతపండు జాడీ దించుతుంటే వెనకాల రాట్నం కనిపించింది, దుమ్ము పట్టి, కదురు వంకర పోయి. అత్తగారిది. పొందూరు ఆడపడుచు పొందూరు నుంచి తెచ్చుకున్నది. "అదేటికే ఇప్పుడు" అంటూనే లక్ష్మీనరసమ్మ దాన్ని తడిగుడ్డతో తుడిచింది, తుడుస్తూంటే ఆవిడ మొహంలో ఇరవై ఏళ్ళ పిల్ల ఎవరో తొంగి చూసి వెళ్ళింది. దూది తెప్పించింది, ఏకులు చేసి అరటిదొప్పలో పెట్టింది, కోడలి వెనక కూచుని రెండు చేతులూ ముందుకి పోనిచ్చి వేళ్ళ మీద వేళ్ళు పెట్టి నేర్పింది. నేర్పుతున్నంతసేపూ పొందూరు కబుర్లే. తను పరికిణీ కట్టుకునే రోజుల్లో తల్లితో ఖద్దరు డిపోకి నూలు పట్టుకెళ్ళి వరసలో కూచోవడం, నూలు తీసుకునేవాడు కళ్ళు చికిలించి ఒక్కో చిలపా వేళ్ళ మధ్య నలపడం, లావో ఉండో తగిలితే మాటైనా అనకుండా పక్కకి విసిరెయ్యడం, అలా విసిరేసిన నూలు పట్టుకుని తిరిగొచ్చే ఆడవాళ్ళు వీధిలో తలెత్తకపోవడం. "మాయమ్మ నూలు ఒక్కపాలి కూడా తిరిగి రాలేదే. ఊరంతటికీ తెలుసు ఆ సంగతి."

నీలవేణి నూలు చూస్తే మాత్రం పొందూరు మూర్ఛపోయేది. మొదటి చిలపలు గేదెని కట్టడానికి సరిపోతాయి. తెగేది, ముడి వేసేది, ఒక చోట లావు, ఒక చోట వెంట్రుక, మళ్ళీ తెగేది, మళ్ళీ ముడి. అత్తగారు తెగిన రెండు కొసలూ నాలిక మీద తడిపి, బొటనవేలూ చూపుడువేలూ మధ్య ఒక్క పురి తిప్పి అతికేస్తే ఎక్కడ తెగిందో బ్రహ్మకి కూడా తెలీదు. ఆ విద్య మాత్రం నీలవేణికి పట్టుబడలేదు. ఎన్నిసార్లు నాలిక తడిపినా విడిపోయేది. పోనీలే, ముడే వేసుకుంటాను, ముడి ఉంటేనేగా తెగిందని తెలిసేది అనుకుంది. అనుకున్నాక అదే తన గాజుగొట్టమని తట్టింది. రోజూ మధ్యాహ్నం ఒక చిలప. బాగున్న రోజు నూలు తనంతట తనే సాగేది, బాగోలేని రోజు ముళ్ళు. అబద్ధం చెప్పాలన్నా చెయ్యి చెప్పనిచ్చేది కాదు. రెండోసారి డాక్టరుగారి దగ్గరికి ఆ చిలపలే పట్టుకెళ్తే, ఆయన నవ్వలేదు. కళ్ళు మూసుకుని, వేళ్ళతో నూలు మీద నడిచారు. ఒక ముడి దగ్గర ఆగారు. ఇక్కడేమైందమ్మా? నీలవేణికి గుర్తొచ్చింది, ఆ రోజు వీధిలో సీతాఫలాలమ్మి కేక వింటే ఎందుకో ఏడుపు ముంచుకొచ్చింది, ఎందుకో తెలీక ఇంకా ఏడుపొచ్చింది. చెప్పింది. సీతాఫలం గురించి ఒక పెద్దమనిషి ముందు ఏడవొచ్చునని అప్పటిదాకా తెలీదు. ఆ తరవాత ముళ్ళు పలచబడ్డాయి. ముద్ద రుచి తెలియసాగింది, మొగుడు పకోడీ కాగితం చదువుతుంటే కోపం రావడం కూడా మొదలైంది. కోపం వస్తోందని సంతోషం.

గరివిడి. కార్ఖానా గొట్టాల మీద పొగ మంచుతో కలిసిపోయింది. ప్లాట్‌ఫారం మీద నారాయణమూర్తి, చొక్కాజేబులో రెండు పెన్నులు, చేతిలో అరటిపళ్ళ అత్తం, కిటికీలు వెతుక్కుంటూ పరిగెడుతున్నాడు. ఆ కార్ఖానాలోనే అతని ఉద్యోగం, పనిలోంచి పరుగెత్తుకొచ్చాడు కాబోలు. నీలవేణి కిటికీ దాటిపోయి, వెనక్కొచ్చి, పళ్ళు లోపలికి తోశాడు. "తిన్నావా?" అన్నాడు. తల్లి నోట్లోంచి ఊడిపడ్డాడు. "నూలు చూశాను నీలా, పొద్దున్న అమ్మ సంచిలో సర్దుతుంటే. ఎంత బాగుందో! పట్టులా ఉంది. ఈసారి డాక్టరుగారు మాత్రలు పూర్తిగా ఆపేస్తారు చూడు." రైలు కదిలింది. అతను పక్కనే నడుస్తూ, "నీకు బాగైపోయింది, నువ్వు ఊరికే బెంగ పెట్టుకోకు" అంటూ అలాగే చిన్నవాడైపోయాడు.

పట్టులా ఉందట.

సంచి ముడి విప్పింది. చెయ్యి లోపలికి పోనిచ్చి, చూడకుండా, డాక్టరుగారిలాగే కళ్ళు మూసుకుని తడిమింది. నున్నగా ఉంది. ఇంకొకటి. అదీ నున్నగానే. మరొకటి, ఈ చివరనించి ఆ చివరకి వేళ్ళు పాకాయి, ఎక్కడా ఏమీ తగల్లేదు, ముడి లేదు, లావు లేదు, వాన వెలిసిన తరవాత తీగ మీద గాలిలా జారిపోతోంది. కళ్ళు తెరిచి చూసింది. అందంగా ఉంది. ఈ నెలంతా తను ఏం చేసింది? కిందటిసారి కూడా ఇలాగే సంచి విప్పితే చివర చివర చిలపలన్నీ నున్నగా వచ్చాయి. తనకి ఆశ్చర్యమైంది, కాని తల నిండా పొగ, పొగలో మనిషి తన చెయ్యి తనదని ఎలా వాదిస్తుంది? నూలే బాగుందంటోందిగా, అయితే బాగానే ఉన్నానేమో అనుకుంది. డాక్టరుగారు సంతోషించి మాత్ర సగానికి తగ్గించారు. సగం మాత్రతో ఆ నెల గడిచింది, అది గడవడమంటే. బియ్యం కడిగిన నీళ్ళు మళ్ళీ తేటబడ్డాయి. కదురు ముందు కూచుంటే దూది కొండలా కనిపించేది. తెగింది, ముడి వేసింది, తెగింది, ముడి వేసింది. వేసిందా? వేళ్ళకి ముడి గుర్తుంది, చిలపకి గుర్తు లేదు. ఇద్దర్లో ఎవరు అబద్ధం చెప్తున్నారు? ఈ నూలు తనదే అయితే, ఆ ముళ్ళన్నీ, ఆ మధ్యాహ్నాలన్నీ, తను ఊహించుకున్నవి. పట్టులాంటి నూలు వడుకుతూ కూడా మునిగిపోతున్నాననుకునే మనిషి అయితే, ఇంక ఈ లోకంలో తను దేన్ని పట్టుకుని నిలబడాలి? నూతిగట్టు మీద కూడా ఇంత భయం వెయ్యలేదు. అక్కడ కనీసం నీళ్ళు నీళ్ళే.

తనది కాకపోతే? కాకపోతే ఆ ఇంట్లో ముడి లేకుండా అతకగలిగిన వేళ్ళు ఇంకొక జత మాత్రమే ఉన్నాయి. అవి ఇప్పుడు పులిహోర డబ్బా మూత తీస్తున్నాయి.

అడిగెయ్యొచ్చు. అత్తయ్యా, మీరు మార్చారా, అని. అడిగితే ఏమవుతుందో నీలవేణికి బాగా తెలుసు. జబ్బు చేసిన మనిషి అడిగే ప్రశ్న ప్రశ్న కాదు, అది జబ్బులో ఒక లక్షణం. అత్తగారు అటు తిరిగి కళ్ళు తుడుచుకుని, ఇటు తిరిగి, "అలగనకే తల్లీ, ఒక ముద్ద తిను" అంటుంది. ఆ ముద్ద తింటే ప్రశ్న కూడా లోపలికి పోతుంది. అడక్కుండా ఊరుకుంటే, ఇంకాసేపట్లో కృపానిధిగారు ఈ నూలు మీద వేళ్ళతో నడిచి, ఎక్కడా ఆగక్కర్లేక, మాత్రలు మాన్పించి, నవ్వి, ఇంక మీరు రానక్కర్లేదమ్మా అంటారు. అని తనని ఆ నూతి దగ్గరికి స్వయంగా దిగబెట్టినవారవుతారు, పాపం, తెలీకుండా. కుదరదు. చావకుండా ఉండడం కోసం ఇన్నాళ్ళు దారప్పోగు పట్టుకుని వచ్చింది, ఆ పోగు తనదో కాదో తెలుసుకోకుండా రైలు దిగదు. విశాఖపట్నం దాకా టైముంది. తనకి బుర్ర లేకపోవచ్చు ఈ మధ్య, కొంటెతనం ఎక్కడికీ పోలేదు, అది జబ్బుల్లోంచి కూడా బతికి బయటపడే జాతిది.

చేతిసంచిలోంచి తకిలీ తీసింది, రాట్నం లేనిచోట చేత్తో తిప్పే చిన్న కదురు. ఒక ఏకు తీసింది. ప్రయాణం రోజైనా రోజే, చిలప ఉండాలిగా. తకిలీ తిప్పి వదిలింది. రైలు కుదుపుకి నూలు లావుగా, గంతులేస్తూ దిగింది. కుదుపుకి కొంత, తన వేళ్ళకి కొంత, నిజం చెప్పాలంటే కాస్త కావాలని కూడా. ఎదురుబల్ల మీద వంకాయల బుట్ట కాళ్ళ మధ్య పెట్టుకుని కూచున్న గురమ్మ, ఎక్కినప్పటినించీ తన పేరూ వంకాయల ధరా పెట్టెలో అందరికీ చెప్పినావిడ, ముందుకు వంగి చూసింది.

"ఏటమ్మా అది, ఆవుకి పలుపు పేనతన్నావేటి?"

"మేకకి," అంది నీలవేణి. "ఆవుకైతే ఇంకా లావు కావాలి."

పెట్టెలో నలుగురు నవ్వారు. లక్ష్మీనరసమ్మ నవ్వలేదు. ఆవిడ చూపు తకిలీ మీద పడింది, తిప్పుకుంది, మళ్ళీ పడింది. "దానికి ఒంట్లో బాగోలేదు" అంది గురమ్మతో, ముల్లులా. పొందూరు ఆడపడుచు ముందు పదిమంది చూస్తుండగా అలాంటి నూలు. నీలవేణి అటు చూడలేదు, చూడకుండానే తెలుస్తోంది, పక్కన ఆ వేళ్ళు డబ్బా మూత మీద ఊరికే పురి తిప్పుతున్నాయి. పాపమనిపించింది. పాపమనిపించినా ఇంకొంచెం లావు చేసింది. తకిలీ ఊగింది, నూలు టప్పున తెగింది. కొసలు రెండూ దగ్గరికి తెచ్చి ముడి వెయ్యబోయింది.

"ఆగాగు, ముడెయ్యకు! ఇలగ తే, ఇలగ తే. ఎన్నిపాల్లు సెప్పినానే ముడెయ్యొద్దని."

డబ్బా గురమ్మ ఒళ్ళోకి వెళ్ళిపోయింది, మూట మాత్రం ఒళ్ళోనే. కొసలు నాలిక మీదికి, వేళ్ళ మధ్యకి, ఒక్క పురి. తకిలీ కిందికి వదిలితే మరి తిరిగింది చూడు, రైలుకి కుదుపే లేనట్టు. నూలు దిగుతోంది, సన్నగా, తిన్నగా, పొద్దుటి వెలుగు దాని మీద నిలుస్తోంది. "ఓలప్ప, సాలీడు కూడా ఇంత సన్నం తియ్యదే" అంది గురమ్మ. లక్ష్మీనరసమ్మ మొహం విచ్చుకుంది. ఇరవై ఏళ్ళ పిల్ల మళ్ళీ వచ్చి కూచుంది. ఎవరికీ తెలీనట్టు, తనకే తెలీనట్టు, అలా వడుకుతూ ఉంది.

నీలవేణి సంచిలోంచి ఒక చిలప తీసి, విప్పి, అత్తగారి మోకాలి మీద, కొత్త నూలు పక్కనే పరిచింది. రెండూ ఒక్క తల్లి పిల్లలు.

"అత్తయ్యా. ఈ రెంట్లో నాదేది?"

తకిలీ తిరుగుతూ తిరుగుతూ ఆగింది. "ఏది నీదో ఏది నాదో ఏటి," అంది లక్ష్మీనరసమ్మ నెమ్మదిగా. "ఇంటిది కాదేటి అంతా. ఒక ముద్ద..."

"తింటాను. రెండు ముద్దలు తింటాను. ముందు ఇది చెప్పండి. నేను మిమ్మల్ని ఏమీ అనను. ఈ నెలంతా నేను ముళ్ళు వేశానని నా వేళ్ళకి గుర్తుంది. సంచిలో ఒక్క ముడీ లేదు. వేళ్ళకి మతి పోయిందా, నూలుకి పోయిందా, నాకు తెలియాలి. మీకు తప్ప ఎవరికీ తెలీదు."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. గురమ్మ ఒక వంకాయ తీసి, తుడిచి, మళ్ళీ బుట్టలో పెట్టింది.

"ఆ డాక్టరుబాబు నూలు నలపతన్నాడు కాదేటి," అంది చివరికి, కిటికీకి చెప్తున్నట్టు. "కళ్ళు మూసుకుని. సిన్నప్పుడు మా ఊళ్ళో నూలు తీసుకున్నోడు అలగే నలిపీవోడు. ఉండ తగిలితే ఇసిరీడమే. ఈ బాబు కూడా నీ నూలు సూసి, ఇది బాగుపడదు, ఇక్కడే ఒగ్గీయండి అంటాడేమోనని... నిన్ను ఆసుపత్రిలో ఒగ్గేసి నానొక్కదాన్నే తిరిగి రైలెక్కడమేనా? అందికే. నీకు మంచే సేసినాననుకున్నాను."

నీలవేణి మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. వస్తున్నది కోపమో నవ్వో, ఆ రెంటికీ ఇంకా తేడా పట్టే ఓపిక లేదు. తన వేళ్ళు నిజమే చెప్పాయి. పొగలో కూడా, సగం మాత్రలో కూడా, ఆ అధ్వాన్నపు మధ్యాహ్నాల్లో కూడా, తను తెగినచోట ముడి వేస్తూనే ఉంది. అంతకంటే ఏం కావాలి? ఒకటి కావాలి.

"నావి పారేశారా?"

"నూలు పారేస్తానేటి?" లక్ష్మీనరసమ్మకి నిజంగానే కోపమొచ్చింది. "నూలు పారేసిన ఇంట్లో పుట్టినానేటి నాను? ఇంట్లో ఒగ్గితే ఎవులైనా సూస్తారని ఎంటే తెచ్చినాను." ఒళ్ళోని మూట విప్పింది. పొద్దుటినించీ పులిహోర డబ్బా కింద మెత్తగా పడి ఉన్నవి అవే. ఉండలు ఉండలుగా, ముళ్ళు ముళ్ళుగా, పసుపు మరకలంటుకుని, నెల్లాళ్ళ మధ్యాహ్నాలు, అంతకు ముందువి కూడా. నీలవేణి ఒక దాని మీద వేలు పెట్టింది. తగిలింది. ఇంకొకటి, అదీ తగిలింది. ఇంత వికారమైన నూలుని చూసి ఇంత ఆనందపడిన ఆడది పొందూరు దరిదాపుల్లో ఇంకొకతె ఉండదు. ఇవి కృపానిధిగారి బల్ల మీద పోస్తుంది. ఒక్కొక్క ముడి దగ్గరా ఆగి చెప్తుంది. మాత్ర మళ్ళీ నిండుగా ఇమ్మంటుంది, అడుక్కోదు, ఇమ్మంటుంది. ఇంకెన్ని నెలలు పట్టినా సరే, ఇకమీద తన చిలప తనే కట్టి, తనే సర్ది, తనే మొయ్యాలి.

నెల్లిమర్ల ముందు చంపావతి వంతెన వచ్చింది. రైలు దాని మీదికి ఎక్కగానే ఇనుమంతా ఒక్కసారి అరవడం మొదలెట్టింది, పెట్టె కిటికీలు దడదడలాడాయి, గురమ్మ చెవులు మూసుకుంది. కింద ఇసుక, ఇసుకలో పాయలు పాయలుగా చలికాలపు నీళ్ళు. ఆ మోతలో లక్ష్మీనరసమ్మ కోడలి వైపు తిరిగింది. పెదాలు కదిలాయి. ఏదో అంది, మూడో నాలుగో మాటలు, కళ్ళు దించుకుని, ఇనుము మింగేస్తుందిలే అన్న ధైర్యంతో. ఆ పెదాల మీద ఏమన్నదీ నీలవేణికి స్పష్టంగా తెలిసింది. తెలిసినా చాలదు. ఇన్నాళ్ళూ తనకి తెలిసినవన్నీ తన లోపలే తెలిశాయి, అందుకే అవి నిజమో కాదో తేలక చచ్చింది. ఇది బయట వినబడాలి. గురమ్మకి, వంకాయలకి, పెట్టెలో ఉన్న ప్రతివాడికీ వినబడాలి. చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, వీలైనంత అమాయకంగా మొహం పెట్టి, అత్తగారి మీదికి వంగింది.

"వినబళ్ళేదత్తయ్యా!"

లక్ష్మీనరసమ్మ గుండె నిండా గాలి పీల్చుకుంది. సరిగ్గా అప్పుడే రైలు వంతెన దిగింది, ఇనుము నోరు మూసుకుంది, పెట్టె అంతా గుడిలా నిశ్శబ్దమైంది. ఆవిడ మాత్రం ఇంకా నది మీదే ఉంది.

"తప్పు నాదేనే నీలేణీ! నీ నూలు నానే మార్చినాను, తప్పు నాదే అంటన్నాను!"